కాళ్లవైపు రాయి

“రాళ్లు మిగిల్చావురా. మనుషుల్ని అమ్మేశావు.”

వీధి గడప మీద చతికిలబడ్డ అత్తగారు పొద్దుటినుంచీ ఆ మాటే అంటోంది. చీర అంచు నిండా గడ్డిముళ్లు. మోచేతుల దాకా కంప గీరిన గీతలు. తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా రాళ్ల దొడ్డికి వెళ్లివచ్చిందావిడ. వచ్చిన దగ్గరనుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. లోపలికి రమ్మంటే రాదు, పక్కకి జరగమంటే జరగదు. ఇంట్లోకి రావాలన్నా పోవాలన్నా ఆవిణ్ణి దాటుకునే వెళ్లాలి. ఆ ధైర్యం ఎవరికీ లేదు.

రాళ్ల దొడ్డి అంటే ఆ ఇంటివాళ్ల సమాధులుండే చోటు. పొలానికి ఒక చివర, బండిదారి పక్కన ఉంటుంది. ఏడేళ్లుగా ఎవరూ అటు తొంగిచూడలేదు. పొదలు అల్లుకుపోయి, తీగలు పాకి, ఎరగనివాళ్లకి అదొక ముళ్లకంప గుట్ట, అంతే. పొలాన్ని ఇటుకబట్టీ యజమానికి అమ్మేశారు. దొడ్డిని మాత్రం అమ్మలేదు. కొలిచి, గూటాలు పాతి, తమకే ఉంచుకున్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ గూటాలు ఎక్కడ పాతారో అత్తగారు కళ్లారా చూసొచ్చాక బాగుండడం మానేసింది.

కొలతలు వేసినవాడు చిన్నాడు. చిన్నాడంటే చిన్నపిల్లాడేం కాదు, నడినెత్తిన జుట్టు పలచబడిన మనిషి, బజార్లో మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. ఇంటికి రెండో కొడుకు కాబట్టి ఎంత వయసొచ్చినా చిన్నాడే.

“అమ్మా, నువ్వు ముందు లేచి కాస్త ఎంగిలిపడు. నేనమ్మింది పొలం. దొడ్డి కాదు. ఒక్క రాయి కూడా అవతలికి పోలేదు.”

“రాళ్ల వెనకే గూటాలు పాతావు.”

“వెనక జానెడు వదిలే పాతాను. ముందువైపు బండిదారి దాకా మనదే. ఎంత పొడుగు మనిషి పడుకున్నా ఇంకా చోటు మిగులుతుంది.”

“దారివైపు పడుకున్నదెవర్రా? అటు ఎవరూ లేరు. అందరూ చేనివైపున్నారు.”

చిన్నాడు వదినగారి వైపు చూశాడు. అమ్మకి మతి పోయిందేమో నువ్వైనా చెప్పు అన్నట్టుంది ఆ చూపు. పెద్దకోడలు హాల్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫాం చొక్కాలకి కాలర్లు వేస్తోంది. ఆమె తలెత్తలేదు. తల్లీకొడుకుల మధ్య దూరి మాట పడడం ఆమెకు కొత్తేం కాదు, అందుకే దూరలేదు.

“మనవాళ్లకి రాయి కాళ్లవైపు పెడతార్రా, తలవైపు కాదు,” అంది అత్తగారు. “ముత్తాతల నాటినుంచీ అంతే. బతికినన్నాళ్లూ రాళ్లు నెత్తిన మోసినవాళ్లు, పోయాకైనా నెత్తిన బరువుండకూడదని కాళ్ల దగ్గర పాతించుకున్నారు. దారివైపు కాళ్లు, చేనివైపు తలలు. నువ్వు కూడా మీ నాన్న వెనక తాపీ పట్టుకుని తిరిగుంటే తెలిసేది. పానా పట్టుకుని పోయావు.”

“మరి ఇది ముందే చెప్పొచ్చుగా?”

“నువ్వు నన్నడిగావా?”



హాల్లో మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఆగిందని ముగ్గురికీ తెలిసింది, ఎందుకాగిందో కూడా తెలిసింది.

“అత్తయ్యా,” అంది పెద్దకోడలు. సూది కింద కాలర్ అలాగే ఉంది. “పిచ్చుకకి?”

ఇంతసేపూ ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచిన మనిషి ఇప్పుడు చీర అంచుకున్న ముళ్లు ఒక్కొక్కటే పీకి గడప బయట పడేస్తోంది.

పిచ్చుక ఆ ఇంటి పిల్ల. పెద్దకోడలి కూతురు. కంచంలో పెట్టింది తినకుండా గదులన్నీ తిరుగుతూ అందరి చేతుల్లోంచీ ఒక్కో మెతుకు ఏరుకుని తినేది కాబట్టి తాతగారు ఆ పేరు పెట్టాడు. తాత పోయిన మరుసటి ఏడే పిచ్చుక కూడా పోయింది. ఒకే జ్వరం తల్లినీ బిడ్డనీ పట్టుకుంది. తల్లి ఆసుపత్రి మంచం మీద ఒళ్లు తెలియకుండా పడివుండగానే బిడ్డని తీసుకెళ్లి మట్టిలో పెట్టేశారు. రాళ్ల దొడ్డికి చేరిన ఆఖరి మనిషి అదే. ఆ తరవాత అటు వెళ్లడం ఆ ఇంట్లో ఎవరివల్లా కాలేదు. పొదలు పెరిగాయంటే పెరగవూ.

“నేను చూళ్లేదమ్మాయ్,” అంది అత్తగారు ఎట్టకేలకి. “నీ మంచం దగ్గరే ఉన్నాను కదా. తీసుకెళ్లింది పెద్దాడు. రాయి పాతింది కూడా వాడే.”

“నన్ను అడక్కు వదినా,” అన్నాడు చిన్నాడు అడక్కుండానే. “ఎక్కడో లారీ కింద దూరి ఇంజను విప్పుతున్నాను ఆ రోజు. కబురందుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. నీకూ తెలుసుగా.”

ఆమెకు తెలుసు. ఆమెకు తెలిసింది ఇంకొకటి కూడా ఉంది. జ్వరం తగ్గి కాళ్ల మీద నిలబడగలిగాక ఒక్కసారి భర్తతో అక్కడికి వెళ్లింది. తలవైపు రాయి ఉంటుందనుకుంది. లోకంలో ఎవరైనా అలాగే అనుకుంటారు. రాయి ముందు, దారివైపు కూర్చుని, పిల్లకి జోకొట్టినట్టు ఆ మట్టిని ఎంతసేపు నిమిరిందో. మెత్తగా ఉంది, ఇక్కడే దాని చెంప ఉండివుంటుందనుకుంది. అప్పుడు ఆయన దారి మీదే నిలబడిపోయాడు. దగ్గరికి రాలేదు, ఇటు కాదు అటు అని చెప్పనూ లేదు.

అయితే అదంతా ఉత్తి నేలా? ఆమె మిషన్ మీది చొక్కా తీసి పక్కన పెట్టింది.

“రేపు పొద్దున తవ్వే మిషన్ దింపుతాడట బట్టీ ఆయన,” అన్నాడు చిన్నాడు గొంతు తగ్గించి. “మట్టి తవ్వకం ఆ మూలనుంచే మొదలట.”

“ఆ మూలనుంచే ఎందుకు?”

“ఏళ్ల తరబడి నాగలి పడని నేల కదా, మట్టి బాగుందట.”

ఈ మాట అనకుండా ఉంటే బాగుండునని అన్నాక తోచింది వాడికి. ఎప్పుడూ అంతే.

* * *

మధ్యాహ్నం పెద్దాడు, ఊరందరికీ మేస్త్రి, భోజనానికి వచ్చాడు. తల్లి గడప మీద ఉండడం దూరంనుంచే చూసి, సందులోంచి తిరిగి పెరటి తలుపు గుండా లోపలికొచ్చాడు. ఊళ్లో సగం గోడలు లేపిన మనిషి. మట్టం తప్పితే కట్టింది కూలగొట్టి మళ్లీ కడతాడు. మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం అతనితో చెప్పుకోవడం అతను కట్టిన గోడతో చెప్పుకోవడం ఒకటే.

పెద్దకోడలు పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర కాచుకుని ఉంది. అతను తాపీ, తూకం గుండు కడుక్కుంటున్నాడు.

పెరడంతా అతను చేసిన గచ్చే. తొట్టికి నాలుగడుగుల అవతల గచ్చులో చిన్న పాదం గుర్తు ఒకటుంది. పచ్చిగా ఉన్నప్పుడు పిచ్చుక పరుగెత్తుకుంటూ వచ్చి వేసిన అడుగు. పనిలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోనివాడు దాన్ని మాత్రం పూడ్చలేదు. అప్పుడు పూడ్చలేదు, ఆ తరవాత పూడ్చే ప్రశ్నే లేదు. రెండు చేతుల్లో నిండు బకెట్లున్నా సరే, ఆ గుర్తు చుట్టూ తిరిగే వెళతాడు. ఏడేళ్లలో ఒక్కనాడైనా అతని కాలు దాని మీద పడడం ఆమె చూడలేదు. ఇవాళ కూడా చుట్టూ తిరిగే తొట్టి దగ్గరికొచ్చాడు.

“అత్తయ్య చెప్పింది నిజమేనా?” అంది.

“ఏం చెప్పింది?”

“ఏం చెప్పిందో తెలియకుండానే సందులోంచి వచ్చారా?”

అతను తాపీ మీద ఎండిన సిమెంటు గోకుతున్నాడు.

“మన పిల్లకి రాయి ఎటువైపు పెట్టారు?”

అతను తాపీ తిప్పి రెండోవైపు గోకాడు.

“సరే, అది వద్దు. ఇంకోటి అడుగుతాను. చిన్నాడు కొలిచి గూటాలు పాతిస్తున్నప్పుడు మీరు అక్కడున్నారా?”

తాపీ గోకే చప్పుడు ఆగింది.

“ఉన్నాను,” అన్నాడు.

అతను అక్కడ లేడనుకుంది. తెలియక జరిగిందనుకుంది. తెలియక జరిగిందైతే తిట్టుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు.

“ఉండి చూస్తూ ఊరుకున్నారా?”

“వాడు ఆ డబ్బుతో షాపుకి కొత్త షెడ్డు వేసుకుంటున్నాడు. బేరం కుదిరింది. ఇప్పుడు కదిపితే పాడవుతుంది.”

“నేనడిగింది షెడ్డు సంగతి కాదు.”

“అన్నం పెట్టు. మళ్లీ పనికి పోవాలి.”

ఇరవై మంది కూలీల మీద అరిచి పని చేయించుకునే మనిషి, పెళ్లాం కళ్లలోకి చూడలేక తాపీ కేసి చూస్తూ అన్నం పెట్టమంటున్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“వంటింట్లో ఉంది. పెట్టుకుని తినండి,” అంది.

ముందు గదిలోకి వచ్చి చెప్పులు తొడుక్కుంది. మెడలో టేపు వేలాడుతూనే ఉంది, అది తీయాలన్న ధ్యాస కూడా లేదు. గడప దగ్గర ఆగింది.

“లేవండత్తయ్యా. ఎవరు ఎటున్నారో నాకు చూపించండి.”

పొద్దుటినుంచి ఎవరు చెప్పినా లేవని మనిషి చెయ్యి చాచింది. పెద్దకోడలు పట్టి లేపింది.

* * *

గూటాలు పాతడానికి బట్టీ కూలీలు రాళ్ల చుట్టూ కంప కొట్టేశారు. నరికిన కంప గుట్టలు గుట్టలుగా పడివుంది. మిగతా దొడ్డంతా నడుమెత్తు గడ్డి. ఆ మధ్యలో వరసగా రాళ్లు, పేర్లు లేవు, ఊర్లు లేవు. ఇంటివాళ్లకి తెలిస్తే చాలుననుకున్నారు కాబోలు. ఇంటివాళ్లే మరిచిపోతారని ఎవరనుకుంటారు?

రాళ్ల వెనక జానెడు దూరంలో, కొత్తగా చెక్కిన తెల్లటి గూటాలు వరసగా ఉన్నాయి. వాటికి నైలాను తాడు బిగించి ఉంది. తాడుకి అవతల అంతా బట్టీ వాళ్లది.

పెద్దకోడలు దారి మీదే ఆగిపోయింది. అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

“ఇటే రా,” అంది అత్తగారు. “ఇటు ఎవరూ లేరు. భయం లేదు.”

రాళ్ల దాకా వెళ్లాక మాత్రం అత్తగారు చుట్టాలింట్లో పడుకున్నవాళ్ల మధ్యనుంచి నడిచినట్టు ఒద్దికగా, పక్కలనుంచి, అడుగులో అడుగేస్తూ నడిచింది. “ఇది మా అత్తగారు. ఈవిడ నోటికి ఊరంతా జడిసేది. ఇది మా ఆడపడుచు. పాపం, నాలాగే మాట పడ్డ మనిషి. ఇదిగో, మీ మామగారు.” అక్కడ కొంచెం ఆగింది. “ఏడేళ్లయింది నేనొచ్చి. ఏమనుకుంటున్నాడో.”

చివర చిన్న రాయి. మిగతావన్నీ గరుకు రాళ్లు. ఇదొక్కటే నున్నగా చెక్కింది. పెద్దకోడలు దాని పక్కన, అటూ ఇటూ కాకుండా నిలబడింది.

బండిదారి మీద మోటారుసైకిల్ ఆగింది. చిన్నాడు దిగాడు. వెనక బట్టీ యజమాని కూడా ఉన్నాడు, తెల్లచొక్కా, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. అమ్మా వదినా దొడ్డికి పోయారని తెలిసి, రగడ పెద్దది కాకముందే తేల్చుకోవాలని ఆయన్ని కూడా వెంటబెట్టుకొచ్చినట్టున్నాడు. చిన్నాడు తిన్నగా తాడు దాటి అవతలికెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏంటి వదినా ఇది? నువ్వు కూడానా?”

“దిగరా,” అంది అత్తగారు.

“ఎక్కడనుంచి?”

“మీ నాన్న గుండెల మీద నిలబడ్డావు. దిగు.”

చిన్నాడు ఎగిరి గంతేసి పక్కకి దూకాడు.

“అది మీ మేనత్త.”

మళ్లీ దూకాడు. బట్టీ యజమాని నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు. ఇంకోరోజైతే ఈ మాట ఇంట్లో నెలరోజులు చెప్పుకుని నవ్వేవాళ్లు.

“అమ్మా,” అన్నాడు బట్టీ యజమాని. ఆయన దారి మీంచి కిందికి దిగలేదు. “నాకు మట్టి కావాలి గానీ ఎవరి ఎముకలూ వద్దు. హద్దు ఇక్కడని మీవాళ్లు చెప్పారు, సరేనన్నాను. కాదంటే కాదనండి. కానీ ఇవాళే తేల్చండి. రేపు పొద్దున మిషన్ వచ్చాక చెబితే డ్రైవరు వినడు, నేను ఆపలేను.”

“తేల్చడానికేముంది? అమ్మకి పెద్దతనం,” అన్నాడు చిన్నాడు. “ఏదో పాతకాలం మాట పట్టుకుని...”

“నీ తల్లికి మతి లేదని ఊరివాళ్ల ముందు చెప్పుకుంటున్నావట్రా?” అంది అత్తగారు.

పెద్దకోడలు వంగి, చిన్నరాయి వెనకున్న గూటాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపింది. అటు ఊపి ఇటు ఊపి పైకి లాగింది. తాడు జారి గడ్డిలో పడింది.

“వదినా! అది పీకితే బేరం పోతుంది.”

“పోనీ.”

“పోనీ అంటే సరిపోయిందా? నేను మాటిచ్చాను. షెడ్డుకి పునాదులు తీయించాను. ఇటుకలు కూడా ఆయనే ఇస్తానన్నాడు. అన్నయ్యే కట్టాలి. ఇదంతా అన్నయ్యకి తెలిసే జరిగింది. వచ్చాడుగా, అడుగు.”

మేస్త్రి బండిదారి మీద వస్తున్నాడు. అన్నం తినలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. దొడ్డి ఎదురుగా వచ్చి దారి మీదే ఆగిపోయాడు, ఏడేళ్ల కిందట ఆగినచోటే. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“మేస్త్రిగారూ, ఇంటికి పెద్దవారు మీరు,” అన్నాడు బట్టీ యజమాని. “మీరు ఏది చెబితే అదే నాకు హద్దు. గూటం అక్కడేనా?”

అందరూ అతని వైపు తిరిగారు. అతను గడ్డి కేసి చూస్తున్నాడు.

“ఆయన్ని నేనొకటి అడిగాక చెబుతారు,” అంది పెద్దకోడలు. గూటం ఆమె చేతిలోనే ఉంది. “రేపు ఇక్కడ మట్టి తవ్వుతారు. ఆ మట్టి తొక్కుతారు, అచ్చు పోస్తారు, కాలుస్తారు. ఆ ఇటుకలు తిరిగి మీ చేతికే వస్తాయి. ఒక్కోటీ తీసుకుని, తడిపి, తాపీ వెనకతో తట్టి చూసి పెడతారు కదా మీరు? ఎప్పుడూ అంతేగా? ఏ ఇటుకలో పిల్ల ఉందో మీకు తెలుస్తుందా? దాన్ని ఏ గోడలో పెడతారు?”

చిన్నాడు “వదినా” అని ఊరుకున్నాడు.

మేస్త్రి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. అతను గోడలాంటివాడని అనుకోవడమే గానీ గోడకి నొప్పి ఉండదని ఎవరనగలరు?

“అది అటు లేదు,” అన్నాడు.

“ఏది?”

“పిచ్చుక. అందరూ అటే ఉన్నారు, అమ్మ చెప్పింది నిజమే. దానికి మాత్రం నేను రాయి తలవైపు పెట్టాను. ఇటే ఉంది అది. దారివైపు. నువ్వు కూర్చున్న చోటే.” ఒక్కో మాటా బరువు మోస్తున్నట్టు చెప్పాడు. “అందుకే గూటాలు పాతిన రోజు ఊరుకున్నాను. పిల్ల మనవైపే ఉంది కదా అని.”



పెద్దకోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు, అందరికంటే ముందు ఆమెకు కలిగింది సంతోషం. తను నిమిరింది పిల్ల చెంపనే. జోకొట్టింది పిల్లకే. మిషన్ వస్తే రానీ, తవ్వితే తవ్వుకోనీ, నా బిడ్డ జోలికి రాదు. ఈ గూటం మళ్లీ అక్కడే గుచ్చి ఇంటికి వెళ్లిపోతే చాలు. ఆ తరవాత గానీ పక్కనున్న అత్తగారు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక సిగ్గేసింది.

అత్తగారు పెద్దకొడుకునే చూస్తోంది.

“బాగుందిరా నాయనా,” అంది మెల్లిగా. పొద్దుటినుంచి అరిచిన గొంతు కాదది. “నీ పిల్లని నువ్వు జాగ్రత్త చేసుకున్నావు. మీ నాన్నని తవ్వి పోసుకోమన్నావు. అంతేగా?” కోడలి వైపు తిరిగింది. “నీ గొడవ తీరిపోయిందమ్మాయ్. గూటం పాతేయ్. నన్ను ఇంటి దాకా దింపు చాలు.”



“అదీ సంగతి!” చిన్నాడు పెద్ద ఊపిరి వదిలాడు. “అన్నయ్య చెప్పింది నిజం వదినా. నాకిప్పుడు గుర్తొస్తోంది. రాయి తలవైపే పెట్టాడు. నేను పక్కనే ఉండి చూశాను కూడా.”

గుచ్చడానికి వంగిన పెద్దకోడలు మధ్యలోనే ఆగింది.

చిన్నాడు ఆ రోజు లేడు. పొద్దున వాడి నోటితోనే వాడు చెప్పాడు, లారీ కింద ఉన్నానని. మరిది పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం కూడా కుదురుగా ఆడినవాడు కాదు. కానీ ఇప్పుడు వాడికి అబద్ధం అవసరమేం వచ్చింది? అన్న చెప్పింది నిజమైతే దానికి ఇంకో సాక్ష్యం ఎందుకు?

ఆమె భర్త మొహం చూసింది. అతను తమ్ముడి కేసి కోపంగా చూసి కళ్లు తిప్పుకున్నాడు.

“అయితే హద్దు ఇదే కదండీ?” అన్నాడు బట్టీ యజమాని. ఆయనకు పొద్దుపోతోంది.

“ఒక్క నిమిషం ఆగండి,” అంది పెద్దకోడలు. భర్తతో, “మీరు దగ్గరికి రండి,” అంది.

“ఎందుకు?”

“ఏడేళ్లయింది మీరు దాని రాయి దగ్గరికొచ్చి. వచ్చి రాయి మీద చెయ్యి వేసి చెప్పండి, ఇటే ఉందని. అప్పుడు గూటం నేనే పాతేస్తాను. అత్తయ్య కాళ్లు కూడా నేనే పట్టుకుంటాను. మళ్లీ ఈ మాట ఎత్తను.”

“చెప్పాను కదా.”

“రాయి మీద చెయ్యి వేసి చెప్పండి.”

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. తల్లి చూస్తోంది, తమ్ముడు చూస్తున్నాడు, బట్టీ యజమాని చూస్తున్నాడు. ఇంక తప్పదనుకున్నాడు. చెప్పులు విడిచాడు. దారి దిగి గడ్డిలోకి అడుగుపెట్టి, తొందరగా కానిచ్చేసుకుందామన్నట్టు, దారినుంచి రాయి దాకా తిన్నగా నడిచి వచ్చాడు. రాయి ముందు ఆగి, వంగి, దాని మీద చెయ్యి వేశాడు.

“ఇటే ఉంది,” అన్నాడు.

ఆమె అతని చేతిని చూడలేదు. అతని మొహం కూడా చూడలేదు. దారినుంచి రాయి దాకా ఒరిగిపోయిన గడ్డిని చూసింది. అడుగు వెనక అడుగు, ఎక్కడా పక్కకి తిరగలేదు, ఎక్కడా తడబడలేదు. ఆఖరి రెండు అడుగులు ఆమె ఏడేళ్ల కిందట నిమిరిన నేల మీదే పడ్డాయి. ఇప్పుడు కూడా అతని రెండు పాదాలూ అక్కడే ఉన్నాయి, బరువంతా వాటి మీదే ఉంది.

గూటం ఆమె చేతిలోంచి జారి కింద పడింది.

“పెరట్లో గచ్చు మీదున్న దాని పాదం గుర్తునే ఇన్నేళ్లలో ఒక్కసారి తొక్కలేదు మీరు,” అంది. “దాని మీదనుంచి నడిచి ఎలా వచ్చారు?”

మేస్త్రి తల దించి తన కాళ్లకేసి చూసుకున్నాడు. పక్కకి మాత్రం జరగలేదు.